సింగపూర్‌లో వదిలేసిన అడ్వాన్సు

"ఇంకా ఎనిమిది నెలల గడువున్న ఇల్లు. పెళ్ళాం పోయిన మర్నాడు పొద్దున్నే తాళాలు ఏజెంటు చేతిలో పెట్టీసి, అడ్వాన్సు మీరే ఉంచేసుకోండి అన్నావు. ఎందుకు బాబూ?"

పృథ్వి నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై దాటని మనిషి, గడ్డం మాసి నలభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. ఏ ప్రశ్న అడిగినా ముందు ఒకసారి మేడమెట్ల వైపు చూసి, ఆ తర్వాతే నోరు విప్పుతున్నాడు.

నాకు ఒళ్ళు మండుకొచ్చింది. రాయగడ నుంచి కోరాపుట్ దాకా ఘాట్ రోడ్డులో నడుం విరగ్గొట్టుకుని వచ్చింది ఇతగాడి మౌనవ్రతం చూడ్డానికి కాదు. నా పేరు ఝాన్సీలక్ష్మి. ఇరవై ఏళ్ళకి పైగా ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసి, విసుగెత్తి బయటికొచ్చి, ఇప్పుడు రాయగడలో సొంతంగా ప్రైవేటు విచారణలు చేస్తున్నాను. చావుల గురించి అబద్ధం చెప్పేవాళ్ళని చూసి చూసి, వాళ్ళు గుటక వేసే తీరుని బట్టే ఎంత పాలు అబద్ధమో చెప్పగలననే పొగరు ఒకటి నాకుంది.

నా పక్కన కూర్చున్న పిల్ల పుష్ప. గుణుపూర్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. పృథ్వి భార్య సుజన ఈ పిల్లకి సొంత అక్క. సుజన, పృథ్వి ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు. పృథ్వి రాయగడ బజార్లో పెద్ద హోల్‌సేల్ షావుకారు కొడుకు. కొట్టూ ఇల్లూ వదిలేసి పెళ్ళాం ఉద్యోగం వెంట సింగపూర్ వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు తిరక్కుండా ఇతని తల్లి కన్యకాపరమేశ్వరి కూడా వెళ్ళి వాళ్ళతోనే ఉంది. ఆవిడ వెళ్ళిన మూడో వారంలో సుజన చచ్చిపోయింది. ఉబ్బసం ఎక్కువై ఆస్పత్రిలో పోయిందన్నారు, అక్కడే దహనం చేశారు, బూడిద మాత్రం తెచ్చారు.

పుష్ప నమ్మలేదు. అయిదు నెలలుగా పోలీస్ స్టేషనుకీ కలెక్టరాఫీసుకీ తిరిగి తిరిగి, ఎవరూ పట్టించుకోకపోతే నా దగ్గరికి వచ్చింది. "మా అక్క ఎలాగ పోయిందో నాకు తెలియాలి. తెలిసేదాకా నాకు తిండి సయించదు" అంది. అంతకంటే ఏమీ అడగలేదు.

"అది సుజన తిరిగిన ఇల్లండి. ఉండలేకపోయేను" అన్నాడు పృథ్వి చివరికి.

"ఉండలేకపోతే నాలుగు రోజులు లాడ్జిలో ఉండి, సామాను సర్దుకుని, ఏజెంటుతో బేరమాడి సగమైనా తెచ్చుకుంటారు. షావుకారు కొడుక్కి ఇది నేను నేర్పాలా? మీరు లోపలికి మళ్ళీ అడుగే పెట్టలేదట. స్టవ్ మీద పప్పుగిన్నె అలాగే ఉందిట."

"ఎవరు చెప్పేరు?"

"మీ ఏజెంటే. తమిళావిడ. మనసున్న మనిషి. ఫొటోలు కూడా పంపించింది. సరే, ఆ సాయంత్రం ఇంకొక్కసారి చెప్పు. గంటలతో సహా."

అతను గుటక వేశాడు. "నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడుంబావు. సుజన మంచం పక్కన పడిపోయి ఉంది. అంబులెన్సుకి ఫోన్ చేసేను. ఆస్పత్రిలో ఎనిమిదీ అయిదుకి పోయిందని చెప్పేరు."

"ఇంటికొచ్చేసరికి ప్రాణం ఉందా?"

మెట్ల వైపు చూపు. "ఉంది."

"ఇన్‌హేలరు?"

"కనబడలేదండి."

పుష్ప ఇక ఊరుకోలేకపోయింది. "మా అక్క తలగడ కింద ఒకటి, ఆఫీసు సంచీలో ఒకటి పెట్టుకునీది బావా. మా ఇద్దరికీ సిన్నప్పుట్నించీ ఉబ్బసం. అది లేకండా మేం వీధిలోకి కూడా ఎల్లం. రెండూ ఒక్క రోజే ఎలాగ మాయమైపోతాయి? ఆవేళ మజ్జానం నాతో వీడియోలో మాటాడింది. కొత్త తెరలు కట్టేనని సూపించింది. నవ్వింది. దానికేటీ లేదు."

పృథ్వి ఆ పిల్ల మొహం చూడలేదు. నా వైపు తిరిగి, "మేడమ్, మిమ్మల్ని ఒక్కర్నే రమ్మన్నాను కదా. పుష్పని ఎందుకు తీసుకొచ్చేరు? ముందు తనని పంపించేయండి. కారులో కూర్చోబెట్టండి. మీరు ఏమడిగినా చెప్తాను" అన్నాడు.

ముందురోజు ఫోన్‌లో కూడా ఇదే పాట పాడాడు. ఆ వెంటనే అతని తల్లి పుష్పకి ఫోన్ చేసి, నువ్వు తప్పకుండా రా అమ్మీ, నీతో మాట్లాడాలి అని పిలిచింది. తల్లి రమ్మంటోంది, కొడుకు వద్దంటున్నాడు. ఆ సింగపూర్ ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు ముగ్గురే. ఒకరు పోయారు. ఒకడు నా ఎదురుగా గుటకలు మింగుతున్నాడు. మూడో మనిషి మేడ మీద ఉంది. ఆవిడ నోరు విప్పితే ఇతని పని అయిపోతుంది, అందుకే ఈ భయమంతా అని నేను లెక్క కట్టేశాను.

"అయిపోయిందా మేడమ్?" అంటూ పక్కగదిలోంచి గిరీష్ వచ్చాడు.

ఈ గిరీష్ ఒకప్పుడు నా కింద పనిచేశాడు. క్లెయిమ్ ఫైలు ఎలా చదవాలో నేనే నేర్పాను. ఇప్పుడు విశాఖలో అద్దాల ఆఫీసు పెట్టుకుని, కేసుకో కొత్త కోటు వేసుకుంటున్నాడు. పృథ్వి కుటుంబం నన్ను అడ్డుకోవడానికి ఇతన్ని పెట్టుకుంది.

"భార్య పోయినవాణ్ణి పట్టుకుని అడ్వాన్సు గురించి సతాయిస్తారా? ఆస్పత్రి కాగితం ఉంది. నేచురల్ డెత్ అని ఉంది. డాక్టరు సంతకం ఉంది. మీరే కదా చెప్పేవారు, కాగితం మాట్లాడుతుందని."

"కాగితం మాట్లాడుతుందన్నాను. అది చెప్పిందల్లా నమ్మీమని నేనెప్పుడన్నాను?"

అతనేదో అనబోయాడు. ఇంతలో మేడ మీద ఇత్తడి గంట మోగింది. పూజగదిలో మోగించే గంట. మూడుసార్లు మోగి ఆగింది. ఆ వెంటనే పైనుంచి నిదానమైన ఒక గొంతు వినిపించింది.

"పుష్పమ్మిని తీసుకురండి."

పృథ్వి దిగ్గున లేచి నిలబడ్డాడు.

* * *

మేడగది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసేసరికి చీకటి. పట్టపగలు అన్ని కిటికీలూ మూసి, రెక్కల సందుల్లో పాత వార్తాపత్రికలు మడిచి కుక్కారు. ఒక చిన్న బల్బు వెలుగుతోంది. గది మధ్యలో పీట మీద తెల్లచీర కట్టుకున్న ముసలావిడ, మాకు వీపు పెట్టి గోడకేసి చూస్తూ కూర్చుంది. గోడ మీద రెండు గడియారాలు పక్కపక్కన తగిలించి ఉన్నాయి. ఒకటి పదకొండూ పది. రెండోది ఒంటిగంటా నలభై. రెండింటి టిక్కుమనే చప్పుడూ కలవడం లేదు. ఒకదాని వెనక ఒకటి వస్తూ, వినేకొద్దీ చెవిలో పురుగు తిరుగుతున్నట్టు ఉంది.

"ముగ్గురొచ్చేరు. ఆ కోటు బాబుని కిందకి పంపీండి" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

గిరీష్ నా వెనకే వచ్చాడని నాకే తెలీదు. అతను మొహం ముడుచుకుని దిగిపోయాడు.

నేను గదంతా ఒకసారి కలయజూశాను. ఈ ఇంట్లో దిగి వారమైందని పృథ్వి చెప్పాడు. నాలుగు పెట్టెలూ గోడవారగా తాళం వేసినవి వేసినట్టే ఉన్నాయి. దేవుడి పటం గోడకెక్కలేదు. మంచం మీద పక్క పరిచి లేదు. తలుపుకి లోపలివైపు కొత్త గడియ బిగించారు, దాని కింద నేల మీద తొలిచిన చెక్కపొట్టు ఇంకా ఉంది. మూలన మట్టి ధూపం మూకుడు, అందులో కొత్త బొగ్గులు పేర్చి ఉన్నాయి. కాపురం ఉంటున్నవాళ్ళ గదిలా లేదు. రైలు కోసం కాచుకున్నవాళ్ళ గదిలా ఉంది.

"రెండు గడియారాలెందుకమ్మా?"

"అది సింగపూర్‌ది. మనకంటే రెండున్నర గంటలు ముందుంటాది. సరిసేస్తామంటారు అందరూ. ముట్టుకోనివ్వను. దాన్ని నమ్మే మోసపోయేను. నా కళ్ళముందు ఉండాలి."

కోడలు పోయిన దుఃఖంలో బుర్ర చెదిరిందని ఊళ్ళో అనుకుంటున్న మాట నిజమే అనిపించింది. అయినా పనిలో పని, సూటిగా అడిగేశాను.

"సుజన ఎక్కడ పోయింది? ఆస్పత్రిలోనా, ఇంట్లోనా?"

"ఇంట్లోనే" అంది ఆవిడ వెంటనే. "నా ఎదురుగానే. ముళ్ళకంప నేనే ఏసేను."

పుష్ప నోటికి పైట అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం గుండె దడదడలాడింది, సంతోషంతో. ఇంతకాలం ఆస్పత్రి ఆస్పత్రి అని పృథ్వి పాడిన పాట ఒక్క ముక్కతో తేలిపోయింది.

"మరి మీ అబ్బాయి ఆస్పత్రి అంటున్నాడు."

"నా కొడుకు మంచోడు. నా మాట కాదనడు. మజ్జిన కొన్నాళ్ళు కాదన్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చేడు." ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. ముడతలు పడ్డ ఆ మొహంలో ఏడుపు లేదు, అలసట కూడా లేదు. పుష్పని కాళ్ళ నుంచి తలదాకా చూసింది. "అచ్చం అక్కలాగే ఉన్నావమ్మీ. ఊపిరి తీసుకునీది కూడా అలాగే. కూకో. దాని ఆకరి మాట నీకు సెప్పాలి. నీకొక్కద్దానికే." నా వైపు చూడకుండా, "నువ్వు దిగు. సంచీలూ గించీలూ కిందకి అట్టుకెళిపో. తోలు సామాను ఇక్కడ పనికిరాదు. ఇంకా నలభై నిమిషాలుంది" అంది.

"దేనికి?"

ఆవిడ మళ్ళీ గడియారాల వైపు తిరిగింది.

నేను తటపటాయించాను. పుష్ప నా చెయ్యి పట్టుకుంది. "ఝాన్సక్కా, నువ్వెళ్ళు. ఆకరి మాటన్నారు కదా. అయిదు నెలలై దానికోసమే తిరుగుతున్నాను" అంది. ఆ పిల్ల కళ్ళు చూసి కాదనలేకపోయాను. సాక్షి నోరు విప్పుతున్నప్పుడు గదిలో మూడో మనిషి ఉంటే నోరు మళ్ళీ మూసుకుంటుందని నా అనుభవం. పుష్ప చేతిసంచీ తీసుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను.

సగం మెట్ల మీద పృథ్వి ఎదురయ్యాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"పుష్ప ఏదండీ?"

"మీ అమ్మ దగ్గర."

అతను రెండేసి మెట్లు ఎక్కబోయాడు. నేను అడ్డంగా చెయ్యి చాపాను.

"ఆవిడ ఇప్పుడే నోరు విప్పింది. నువ్వెళ్ళి మూయించడానికా? నేనుండగా అది జరగదు. కిందకి పద."

"మీకు తెలీదండి. నన్ను వెళ్ళనివ్వండి."

"ఏం తెలీదు? చెప్పు మరి."

అతను అక్కడే మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. దొరికిపోయినవాడి వాలకం అనుకున్నాను. అక్కడే ఉండమని చెప్పి, మెట్లకి ఎదురుగా వాకిట్లో నిలబడ్డాను, ఎవరు ఎక్కినా కనబడేలా.

* * *

వాకిట్లో ఇంటి యజమాని సన్యాసయ్య అరుగు మీద కూర్చుని పత్రిక తిరగేస్తున్నాడు. గిరీష్ అతని పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఫోన్ తీసి ఫొటో ఒకటి గిరీష్ మొహం ముందు పెట్టాను. సింగపూర్ ఫ్లాటు గుమ్మం. మూసిన తలుపుకి అడ్డంగా, గులాబీరంగు పువ్వులతో సహా ఒక కాగితపుపూల కొమ్మ.

"ఇదేమిటో చెప్పు."

"పూలకొమ్మ."

"ఆ ఏజెంటమ్మ కూడా అలాగే అనుకుంది పాపం. వెళ్ళిపోతూ అలంకారం చేశారనుకుందిట. సరిగ్గా చూడు. ఆ కొమ్మకి పువ్వుల కంటే ముళ్ళెక్కువ. సింగపూర్‌లో తుమ్మకంప ఎక్కడ దొరుకుతుంది? రోడ్డు వంతెన మీద పెరిగిన ఆ కొమ్మే విరిచి తెచ్చారు. ఇంట్లో మనిషి ధనిష్ఠా పంచకంలో పోతే మనవాళ్ళేం చేస్తారు?"

అతనికి తెలుసు. విజయనగరం జిల్లావాడే. ధనిష్ఠ నుంచి రేవతి దాకా వచ్చే అయిదు నక్షత్రాల్లో ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇల్లు వదిలేయాలి. ఆరు నెలలు గుమ్మానికి ముళ్ళకంప వేసి ఉంచాలి. లేకపోతే అదే ఇంట్లో చావు మీద చావు వస్తుందని భయం. ఆ భయానికి మా ఊళ్ళలో మేడలూ మిద్దెలూ వదిలేసి పాకల్లో కాపురం ఉన్నవాళ్ళున్నారు.

"ఆస్పత్రిలో పోతే ఇల్లు వదలక్కర్లేదు గిరీషూ. ఇంట్లో పోతేనే వదలాలి. అందుకే గడువు, అడ్వాన్సు, పప్పుగిన్నె అన్నీ అక్కడే పడేసి పరిగెత్తారు. నీ కాగితం అబద్ధం. పెద్దావిడ ఇప్పుడే ఒప్పుకుంది కూడా."

"ఒప్పుకున్నా ఏమైంది?" అన్నాడు గిరీష్. "ఇంట్లో పోయింది, అంబులెన్సువాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళి అక్కడ ప్రకటించారు. ప్రతి దేశంలోనూ జరిగేదే. పంచకంలో చచ్చిపోవడం నేరం కాదు. కోర్టుకి వెళ్ళి రేవతీ నక్షత్రాన్ని సాక్షిగా పిలుస్తారా మేడమ్?"

వెధవ, మాట మాత్రం సరైనదే అన్నాడు. నాకు ఇంకా కోపం వచ్చింది. రెండో ఫొటో తీశాను. పడగ్గది కప్పు నల్లగా పొగచూరి ఉంది. పొగ వస్తే మోగే అలారం మీద అడ్డంగా గట్టి టేపు అంటించి ఉంది.

"దీనికేమంటావు? ఉబ్బసం ఉన్న మనిషి గదిలో అలారం నోరు కట్టేసి పొగపెట్టారు. ఇన్‌హేలర్లు దాచేశారు. పృథ్వి ముందే—"

"పృథ్వి ఆఫీసు నుంచి బయటపడింది ఆరూ యాభై ఎనిమిదికి." గిరీష్ గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "తలుపు దగ్గర గీసే కార్డు రికార్డు తెప్పించాను. మీరు అడుగుతారని తెలుసు కాబట్టి ముందే తెప్పించాను. మధ్యాహ్నం నుంచీ సీటు వదల్లేదు. మీరు ఆ అబ్బాయి మీద అనవసరంగా పడ్డారు."

నేను రికార్డు చూశాను. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అంటే పొగ పెట్టినప్పుడు పృథ్వి ఆ ఇంట్లోనే లేడు. మరి సుజనతో ఉన్నదెవరు అని మనసు ఒక అడుగు ముందుకు వేసేలోపల నా ఫోన్ మోగింది.

రాయగడలో పృథ్వి కుటుంబానికి పురోహితుడు అప్పలనరసింహం. రెండు రోజులుగా నాకు దొరక్కుండా తప్పించుకుంటున్నాడు. పొద్దున్న బయల్దేరే ముందు, మీరు మాట్లాడకపోతే పోలీసులు మాట్లాడతారని మెసేజి పెట్టాను. అది పనిచేసినట్టుంది. స్పీకర్ నొక్కాను.

"అమ్మా, నాకేటీ తెలీదు. నక్షత్రం అడిగేరు, సెప్పేను. అడిగినోళ్ళకి సెప్పడవే కదా మా పని" అన్నాడు ఆయన ఎత్తుకోవడమే.

"ఎప్పుడు అడిగారు? సుజన పోయిన రాత్రా?"

"రాత్రి మళ్ళీ అడిగేరు. ముందు అడిగింది పొద్దున్న. ఏడు గంటలకి. వాట్సాప్‌లో మాట రికార్డు సేసి పంపించేరు."

 సుజన పుష్పతో వీడియోలో నవ్వుతూ మాట్లాడింది ఆ రోజు మధ్యాహ్నం.

"ఆ మాట నాకు పంపించండి. ఫోన్ పెట్టెయ్యకండి. ఇప్పుడే."

అది రావడానికి పట్టిన కాసేపట్లో ఆయన గడగడా చెప్పుకుపోయాడు. పంచకం సాయంత్రం ఆరూ ఇరవైకి వదుల్తుందని ఈయన చెప్పాడట. మన లెక్కన చెప్పాడు. వాళ్ళేమో ఆ ఊరి గడియారం చూసుకున్నారు. రాత్రి ఫోన్ చేసి, ఏడింటికి ప్రాణం పోయింది, పంచకం దాటేసినట్టే కదా అని అడిగితే అప్పుడు ఈయనకి అనుమానం వచ్చి, ఏడంటే అక్కడా ఇక్కడా అని అడిగాడట. అక్కడి ఏడు అంటే ఇక్కడ నాలుగున్నర. పంచకం వదల్లేదు. ఇల్లు వదిలేయండి అన్నాడట. 

ఫోన్ టింగుమంది. నేను నొక్కాను. నిదానమైన గొంతు. ఇందాక మెట్ల పైనుంచి విన్న గొంతు.

"పంతులుగారూ, నాను పరమేశ్వరిని. మా ఇంట్లో ఒకలు పోయేలాగున్నారు. పంచకం ఈవేళ ఎన్ని గంటలకి వదుల్తాదో సూసి సెప్పండి."

గిరీష్ మొహంలో రంగు పోయింది. "నన్ను ఈ పనికి పెట్టింది ఆవిడే" అన్నాడు. "పృథ్వి వద్దన్నాడు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

కొడుకుని తిరిగి కొట్టుకీ ఇంటికీ తెచ్చుకోవడానికి ఆవిడ అంత దూరం వెళ్ళింది. చంపడానికి భయపడలేదు గాని, చెడ్డ నక్షత్రంలో చంపడానికి భయపడింది. కొడుక్కి ఆ రాత్రే అర్థమై ఉంటుంది. తల్లిని పట్టివ్వలేక, పెళ్ళాన్ని మర్చిపోలేక, అయిదు నెలలుగా మెట్ల వైపు చూస్తూ బతుకుతున్నాడు.

"అమ్మా, ఉన్నారా?" ఫోన్‌లో పురోహితుడు ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. "ఇంకోటి సెప్పాలి. నిన్న మళ్ళీ పంపించేరు."

"ఏమని?"

"అదే మాట. మా ఇంట్లో ఒకలు పోయేలాగున్నారు, పంచకం ఎన్ని గంటలకి వదుల్తాది అని. కోరాపుట్ టైమే సెప్పమని రెండుసార్లు అడిగేరు. రేపు పదకొండూ యాభైకి అన్నాను."

నేను ఫోన్ చూశాను. పన్నెండూ నాలుగు.

అరుగు మీద సన్యాసయ్య పత్రిక పక్కన పెట్టాడు. మా మాటలు సగమే విన్నట్టున్నాడు. "పెద్దమ్మగారి సంగతా?" అన్నాడు. "సిత్రమైన మనిషండి. పదకొండు నెలలకి రాసుకున్నాం. రాయగడలో అంత మేడ ఉంచుకుని ఇక్కడ అద్దెకెందుకమ్మా అంటే, కొన్ని పనులు సొంతింట్లో సెయ్యకూడదు బాబూ అన్నారు. నిన్న సాయంత్రం పిలిసి, మేం రేపే ఖాళీ సేసీవలిసి రావొచ్చు, అలాగైతే అడ్వాన్సు నువ్వే ఉంచేసుకో అనీసేరు. వారానికే ఎవులైనా అడ్వాన్సు వదులుకుంటారేటండి?"

 ఈ మొత్తం వ్యవహారంలో నోరు మూసుకోని మనిషి పుష్ప ఒక్కతే. ఆ పిల్లని ఇక్కడికి కారెక్కించి తెచ్చింది నేను. ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టింది నేను. మందు ఉన్న సంచీ నా భుజానికే ఉంది. కాపాడ్డానికి వెళ్ళబోయినవాణ్ణి మెట్ల మీద ఆపింది కూడా నేనే.

గాలిలో సాంబ్రాణి వాసన అప్పుడు తగిలింది. తల ఎత్తి చూశాను. మెట్టు మీద పృథ్వి లేడు. మేడ మీద తలుపు మీద అతను పిడికిళ్ళతో బాదుతున్న చప్పుడు వినబడుతోంది. "అమ్మా, తలుపు తియ్యి. నేనెక్కడికీ వెళ్ళను. తలుపు తియ్యమ్మా" అని ఏడుస్తున్నాడు. తలుపు కింది సందులోంచి పొగ వరండాలోకి పాకుతోంది.

"గడ్డపార" అని సన్యాసయ్యతో అని నేను పరిగెత్తాను. గిరీష్ అప్పటికే నన్ను దాటుకుని వెళ్ళాడు.

మొదటి మెట్టు మీద అడుగు పెట్టేసరికి లోపల్నుంచి పుష్ప దగ్గు వినిపించింది, ఊపిరి అందక తెగిపోయి తెగిపోయి వచ్చే దగ్గు. నేను సగం మెట్లు ఎక్కేసరికి అది ఆగిపోయింది.